మోకాలు ఎక్కడం వద్దంటోంది, చెయ్యి దిగడం వద్దంటోంది

ప్రశ్న: నేను బరంపురంలో ఉపాధ్యాయుణ్ణి. వయసు 46. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి డయాలసిస్‌కు తిరిగే రోగుల దారిఖర్చుల కోసం విరాళాలు పోగుచేయాలని సైకిల్ యాత్ర పెట్టుకున్నాను. బరంపురంలో బయలుదేరి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం వెళ్ళి, సాలూరు, విజయనగరం, శ్రీకాకుళం మీదుగా 8 రోజుల్లో తిరిగి ఇల్లు చేరాలి. మొత్తం సుమారు 750 కిలోమీటర్లు. తెలిసినవాళ్ళు కిలోమీటరుకు ఇంత అని మాట ఇచ్చారు. మూడో రోజు గుణుపురం దాటాక ఎగువ తొక్కుతుంటే కుడి మోకాలి ముందుభాగంలో నొప్పి మొదలైంది. మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ మాత్రలు కొని పూటకొకటి వేసుకుంటూ తొక్కాను. రాయగడ ఇంకా కొద్ది దూరం ఉందనగా కంకర మీద చక్రం జారి, కుడిచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. అరచెయ్యి గీరుకుపోతే పసుపు అద్దాం. మణికట్టు నొప్పిగా ఉంది, చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను. రెండు రోజులుగా రాయగడలో మా బావగారింట్లో ఉన్నాను. మా ఆవిడ రైలెక్కి వచ్చేయమంటోంది. వాట్సాప్ గ్రూపులో అందరూ కొరాపుట్ ఎప్పుడు చేరతారని అడుగుతున్నారు. సగంలో ఆపితే మాట ఇచ్చినవాళ్ళకు నా ముఖం ఎలా చూపించను? మోకాలికి పట్టీ వేసుకొని మిగిలిన దారి తొక్కేయవచ్చా?

సమాధానం: మాస్టారికి నమస్కారం. మీ ఇంటావిడ చెప్పినట్టు చేయండి. రాయగడ నుంచి ముందుకు ఈసారి సైకిల్ మీద వెళ్ళవద్దు. ఎందుకు వద్దంటున్నానో, మాట ఇచ్చినవాళ్ళ సంగతి ఏం చేయాలో వివరంగా రాస్తాను. అంతకంటే ముందు మాట్లాడవలసింది మోకాలి గురించి కాదు, మీరు మింగుతున్న మాత్ర గురించి.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు తమలోకి వచ్చే రక్తనాళాలను తెరిచి ఉంచుకోవడానికి కొన్ని రసాయనాలను తయారు చేసుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు నొప్పి తగ్గించేది ఆ రసాయనాలను అడ్డుకునే. ఇంట్లో కూర్చొని ఒకటి రెండు రోజులు వేసుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది పెద్దగా తెలియదు. ఎండలో ఆరేడు గంటలు చెమటోడ్చి తొక్కుతూ, పైగా బీపీ మందు వాడుతూ పూటకొకటి వేసుకోవడం పూర్తిగా వేరే సంగతి, ఎందుకంటే కొన్ని రకాల బీపీ మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి, ఈ మాత్రలతో కలిసినప్పుడు మూత్రపిండాల మీద భారం ఇంకా పెంచుతాయి. ఉద్దానంలో జబ్బు ఎందుకు వస్తోందో ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఇదమిత్థంగా తేలలేదు కాబట్టి నేను దానికీ దీనికీ ముడిపెట్టడం లేదు. అయితే కిడ్నీ రోగుల కోసం బయలుదేరిన మనిషి తన కిడ్నీలను ఇలా పరీక్షకు పెట్టడం చూస్తూ ఊరుకోలేక చెబుతున్నాను.

డైక్లోఫెనాక్ ఈ రోజే ఆపేయండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, దాని పేరు డాక్టరుకు చెప్పండి. రాయగడ జిల్లా ప్రధాన ఆసుపత్రికి ఎలాగూ చేతి కోసం వెళ్ళాలి, అక్కడే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంత ఉందో చూపించుకోండి. మూత్రం బాగా తగ్గినా, కషాయం రంగుకు మారినా మర్నాటి దాకా ఆగకూడదు. నొప్పి మరీ ఓర్చుకోలేనప్పుడు పారాసెటమాల్ సరిపోతుంది, అది కూడా డాక్టరును అడిగి. తిరిగి సైకిల్ ఎక్కడానికి నొప్పి తెలియకుండా చేసుకోవడం అనే ఆలోచన ఒక్కటి మాత్రం మానుకోండి. నేను ఫిజియోథెరపీ చేసి రిటైరైన మనిషిని, నా దగ్గరకు వచ్చిన వందలమందికి ఈ మాట చెప్పాను, అయినా నలభయ్యో ఏట మహేంద్రగిరి వైపు సైకిల్ యాత్రలో మాత్ర వేసుకుని తొక్కి, ఆ తర్వాత ఐదు నెలలు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాను. చెప్పడానికీ చేయడానికీ ఉన్న దూరం నాకు తెలుసు.

ఇక చెయ్యి. మీ ఉత్తరంలో దీనికి రెండు వాక్యాలే కేటాయించారు గాని, నా దృష్టిలో మోకాలి కంటే ఇదే పెద్దది. వేళ్ళ తిమ్మిరికీ మణికట్టు నొప్పికీ కారణాలు వేరు కావచ్చు. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి వెళ్ళే నరం అరచేతి మడమలో, చిటికెన వేలి వైపున, చర్మానికి దగ్గరగా ఒక ఇరుకైన సందులోంచి పోతుంది. గంటల తరబడి ఒంటి బరువు హ్యాండిల్ మీద వాలితే ఆ నరం నలుగుతుంది. దూరాలు తొక్కేవారికి ఇది కొత్తేమీ కాదు. చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలి పక్కకూ మధ్య పట్టుకోలేకపోవడం, వేళ్ళు విడదీయలేకపోవడం వంటి బలహీనత కనిపిస్తే మాత్రం నరాల డాక్టరుకు చూపించుకోవాలి. ఈ తిమ్మిరి పడకముందే కొద్దికొద్దిగా ఉందేమో ఒకసారి గుర్తు చేసుకోండి, చాలావరకు అలాగే ఉంటుంది.

మణికట్టు నొప్పి సంగతి వేరు. ఇప్పుడే ఒక పని చేయండి. కుడిచేతి బొటనవేలిని వెనక్కి, ఆకాశం వైపుకు సాగదీయండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాల్లా పైకి తేలిన తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. ఎడమచేతి చూపుడువేలితో ఆ గుంటలో నొక్కండి. తరువాత ఎడమచేతి గుంటలో అంతే బలంగా నొక్కి పోల్చుకోండి. కుడివైపున ప్రాణం లాగేసినట్టు నొప్పి వస్తే, ఆ గుంట అడుగున ఉండే జీడిపప్పంత ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. దాన్ని స్కాఫాయిడ్ అంటారు. చెయ్యి ఆనించి పడినప్పుడు మణికట్టులోని చిన్న ఎముకల్లో తరచుగా విరిగేది అదే. దీనితో వచ్చే చిక్కు ఏమిటంటే మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రేలో విరిగిన గుర్తు కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఉత్త బెణుకు’ అని ఇంటికి పంపించేస్తే, రక్తప్రసరణ తక్కువగా ఉండే ఆ ఎముక అతుక్కోకుండా ఉండిపోయి, కొన్నేళ్ళకు మణికట్టు అరిగిపోతుంది. అందుకని గుంటలో నొప్పి ఉన్నంతకాలం ఎక్స్‌రే బాగున్నా బొటనవేలితో కలిపి కదలకుండా పట్టీ వేయించుకొని, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మళ్ళీ ఎక్స్‌రే తీయించుకోవాలి. మీ బావగారింట్లో ఎవరైనా నూనె రాసి లాగుతామంటే దయచేసి చెయ్యి ఇవ్వవద్దు. ఎముకలు కట్టడంలో చెయ్యి తిరిగినవాళ్ళు మన ప్రాంతంలో ఉన్నారని నేను ఒప్పుకుంటాను, కాని కంటికి కనిపించని పగులును వేళ్ళతో తడిమి చెప్పగలవారిని నేను చూడలేదు.

గీరుకుపోయిన చోట పసుపు కడిగేయండి. కాచి చల్లార్చిన నీళ్ళు, మామూలు సబ్బు చాలు. కంకర నలుసు చర్మంలో మిగిలితే మచ్చగా ఉండిపోతుంది, చీమూ పట్టవచ్చు, కాబట్టి నర్సు చేత తీయించుకోండి. వ్యాజిలైన్ రాసిన గుడ్డ పరిచి కట్టు కట్టించుకుంటే గాయం ఎండి పక్కు కట్టకుండా త్వరగా మానుతుంది. ధనుర్వాతం సూది చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోయినా, 5 ఏళ్ళు దాటినా ఈ రోజే వేయించుకోండి. పడినప్పుడు తల నేలకు తగిలిన సంగతేమీ మీరు రాయలేదు. ఒకవేళ తగిలి ఉంటే, వాంతులు, మగత, పడిన సమయం గుర్తు రాకపోవడం, తలనొప్పి పెరుగుతూ పోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ఇంకొక్క మాట, ఇది సైకిల్‌కు సంబంధించినది కాదు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మలేరియా ఉన్న ప్రాంతాలు. యాత్ర అయ్యాక రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే అలసట జ్వరమని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు మోకాలు. నొప్పి ఎక్కడుందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే. మోకాలి వెనక నొప్పి అయితే సీటు ఎత్తు ఎక్కువైందని, బయటి పక్కన అయితే పాదం వంకరగా పడుతోందని లేదా తొడ బయటి పట్టీ రాసుకుంటోందని మొదట అనుమానిస్తాం. మీలాగా చిప్ప చుట్టూ, ముందు భాగంలో వచ్చి ఎగువ తొక్కేటప్పుడు పెరిగితే, చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉండడం, బరువైన గేరులో మెల్లగా తొక్కడం, సామాను బరువు ఈ మూడూ కలిసి చేసిన పని. సీటు కిందికి ఉన్నప్పుడు మోకాలు ఎక్కువగా మడుచుకుంటుంది, ఆ మడతలో బలం పెట్టినప్పుడల్లా చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు 3,600 ఒత్తుళ్ళు.

మీ సైకిల్ బావగారింటి గోడ పక్కన ఉంటుంది కాబట్టి, దాన్ని మీరు ఎక్కకుండా, మీ అంత పొడవున్న మరొకరిని ఎక్కించి చూడండి. గోడ పట్టుకొని సీటు మీద నిటారుగా కూర్చొని, పెడలు అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద కాలి మడమ ఆనించాలి. అప్పుడు మోకాలు సరిగ్గా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందుభాగం పెడతాం కాబట్టి మోకాలిలో చిన్న వంపు మిగులుతుంది, ఉండవలసింది ఆ వంపే. మడమ ఆనించినప్పుడే మోకాలు బాగా వంగి ఉంటే సీటు తక్కువగా ఉన్నట్టు. పైకి లేపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా అర సెంటీమీటరు చొప్పున లేపాలి. రెండోది గేరు. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టే అలవాటు చేసుకోండి. చదునుమీద 20కి కాస్త అటూ ఇటూ ఉండాలి, ఎగువలో 15కు తగ్గుతోందంటే ముందు చిన్న పళ్ళ చక్రానికీ వెనక పెద్దదానికీ మారాలి. అదీ చాలకపోతే దిగి నడవాలి. నడిపించుకుంటూ ఎక్కిన కొండను తొక్కినట్టు లెక్కవేయవచ్చా అని మీ గ్రూపులో ఎవరైనా అడిగితే, నా ఓటు వేయవచ్చనే.

పట్టీ గురించి అడిగారు. పట్టీ వల్ల మోకాలికి కొంత ధైర్యం వస్తుంది గాని సీటు ఎత్తు మారదు, గేరూ మారదు. మోకాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చిప్పకు రెండు వైపులా ఉండే పల్లాలు కుడి మోకాలిలో నిండిపోయి ఉబ్బుగా కనిపించినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినా, నడుస్తుంటే హఠాత్తుగా పట్టు తప్పినా అది తొక్కుడు నొప్పి మాత్రమే కాదు. ఎముకల డాక్టరు చూడాలి. వేడిగా, ఎర్రగా ఉండి జ్వరం కూడా ఉంటే అదే రోజు వెళ్ళాలి. ఇవేమీ లేకపోతే గుడ్డలో చుట్టిన ఐసుతో పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు చల్లదనం పెట్టుకుంటూ, మామూలుగా నడుస్తూ ఉండండి. మంచం పట్టవలసిన పని లేదు.

అసలు విషయానికి వస్తాను. మీకు ముందున్న దారి నాకు తెలుసు. రాయగడ నుంచి కొరాపుట్ చేరడమంటే మొత్తం మీద 600 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కడం, అదీ మధ్యమధ్య దిగుతూ దిగినదంతా మళ్ళీ ఎక్కుతూ. మీ మోకాలికి సరిపడనిది సరిగ్గా అదే. పోనీ ఓర్చుకొని ఎక్కారే అనుకుందాం. కొరాపుట్ నుంచి జయపురానికి ఘాట్ దిగాలి, తిరుగుదారిలో పొట్టంగి దాటాక సుంకి ఘాట్ మీదుగా సాలూరు దాకా లారీల మధ్య దిగాలి. అక్కడ మోకాలికి పని లేదు, పనంతా చేతిదే. మన సైకిళ్ళలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, దిగుడులో సైకిల్‌ను ఆపే బలంలో పెద్ద వాటా దానిదే. మీకు దెబ్బ తగిలిందీ కుడిచేతికే. తిమ్మిరెక్కిన వేళ్ళతో, విరిగి ఉండవచ్చునని అనుమానం ఉన్న మణికట్టుతో మలుపు మీద ఆ బ్రేకు ఎంత నొక్కుతున్నారో మీకే తెలియదు. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే చక్రం ఈడ్చుకుపోతుంది. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా అయితే నేను ఇంత కచ్చితంగా వద్దనేవాణ్ణి కాదేమో. రాయగడ తరువాతి దారిలో మాత్రం ఎక్కడానికి మోకాలు లేదు, దిగడానికి చెయ్యి లేదు.

కాబట్టి రాయగడ నుంచి విజయనగరం వెళ్ళే రైలెక్కి, అక్కడ బరంపురం వైపు వెళ్ళే బండి మారండి. సైకిల్‌ను స్టేషన్‌లో లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయించవచ్చు. పంపు, నీళ్ళ సీసా, లైటు ముందే తీసి సంచిలో పెట్టుకోండి. మోసేటప్పుడు ఎడమచేతిని వాడండి, లేదా మీ బావగారిని స్టేషన్ దాకా రమ్మనండి. బావగారు ఉన్నది ఇలాంటప్పుడు పనికి రావడానికే.

మాట ఇచ్చినవాళ్ళ సంగతి. మీరు వాళ్ళకు అమ్మింది 750 కిలోమీటర్లు కాదు మాస్టారూ. ఎవరికీ మీ కిలోమీటర్లతో పని లేదు. కవిటి నుంచో సోంపేట నుంచో ఒక మనిషి డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు బస్సో ఆటోనో ఎక్కి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన గడిపి, నీరసంగా తిరిగి ఇల్లు చేరడానికయ్యే ఖర్చు కోసం వాళ్ళు ఒప్పుకున్నారు. కిలోమీటరన్నది ఆ ఖర్చును పంచుకోవడానికి మీరు ఎంచుకున్న కొలత మాత్రమే. అయినా కొలతంటూ పెట్టాక లెక్క సరిగా చెప్పడం మీ బాధ్యత. రైల్లో, కారులో వెళ్ళిన దూరాన్ని యాత్రలో కలపవద్దు. ఎంత తొక్కారో అంతే చెప్పి, మిగిలినది వాళ్ళ ఇష్టానికి వదిలేయండి. ఆలస్యం చేయవద్దు. రెండు రోజులుగా గ్రూపులో మీరు మౌనంగా ఉండడమే మీకు మోకాలి కంటే ఎక్కువ బరువుగా ఉన్నట్టుంది. ఇలా రాయవచ్చు:

‘మిత్రులకు నమస్కారం. రాయగడ దగ్గర పడి చేతికి దెబ్బ తగిలింది, మోకాలు కూడా నొప్పిగా ఉంది. అందుకని యాత్ర ఇక్కడ ఆపుతున్నాను. ఇంతవరకు తొక్కినది సుమారు 250 కిలోమీటర్లు. మీరు ఇస్తానన్నది ఈ దూరానికే లెక్కగట్టి ఇచ్చినా, మొత్తానికి ఇచ్చినా, చేయి తగ్గాక నేను మళ్ళీ బయలుదేరినప్పుడు ఇచ్చినా నాకు సమ్మతమే. ఇప్పటిదాకా వచ్చిన డబ్బు, ఎవరికి ఎంత చేరిందీ ఈ ఆదివారం ఇదే గ్రూపులో పెడతాను.’

ఇంతకంటే ఎక్కువ రాయవద్దు. క్షమాపణలు అసలే వద్దు. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు, క్యాన్సర్ వల్ల ఒక కాలు పోయాక కృత్రిమ కాలితో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతూ క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు అడిగాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు, అవతలి సముద్రం చేరలేదు. విరాళాలు మాత్రం ఆగలేదు, మరుసటి ఏడాది నుంచి ఆయన పేరిట ఏటా పరుగులు జరుగుతున్నాయి. మీ మోకాలి నొప్పిని ఆయన కష్టంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. దారి మధ్యలో ఆగిన యాత్రకు డబ్బు రాదన్న మీ భయానికి మాత్రమే ఈ జవాబు.

తిరిగి మొదలుపెట్టే విషయంలో నాదొక సూచన. కొండల భాగాన్ని మీ స్నేహితుల్లో సైకిల్ అలవాటున్నవారికి ఇచ్చేయండి, వాళ్ళు తలా ఒక రోజు చొప్పున తొక్కితే కొరాపుట్, జయపురం, సాలూరు పూర్తవుతాయి. మీరు శ్రీకాకుళం నుంచి పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం దాకా ఉన్న చివరి భాగాన్ని ఉంచుకోండి. దారి దాదాపు చదును, పైగా మీరు ఎవరి కోసం బయలుదేరారో ఆ ఊళ్ళు దాని పక్కనే ఉన్నాయి. ఎప్పుడన్నది తేదీ చూసి కాకుండా మోకాలిని చూసి నిర్ణయించండి. జానెడు ఎత్తున్న మెట్టు మీద కుడికాలితో నిలబడి, ఎడమ మడమను నెమ్మదిగా నేలకు తాకించి మళ్ళీ పైకి రండి. వరుసగా పదిసార్లు చేసినా నొప్పి పదింట మూడు దాటకుండా, మర్నాటి పొద్దుటికి పెరగకుండా ఉంటే చదునుమీద అరగంట తొక్కి చూడవచ్చు. ఆ తర్వాత వారం వారం కొంచెం పెంచుకోవచ్చు. ఈలోగా మోకాలు చాచి కాలు పైకెత్తి పది సెకన్లు నిలపడం, పక్కకు పడుకొని పై కాలు ఎత్తడం ఈ రెండూ రోజూ చేయండి. తొడ ముందు కండరం, తుంటి పక్క కండరం గట్టిపడితే చిప్ప తన దారిలో నడుస్తుంది. హ్యాండిల్‌కు మెత్తటి పట్టు వేయించి, తొక్కేటప్పుడు పది నిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకోండి.

చేతి సంగతి మాత్రం డాక్టరు తేల్చేదాకా ఇవన్నీ కాగితం మీదే ఉండాలి. రాయగడలో ఎక్స్‌రేకు రాసేటప్పుడు గుంటలో నొప్పి ఉందో లేదో మీరే ముందుగా చెప్పండి, చీటీలో స్కాఫాయిడ్ అన్న మాట రాయించుకుంటే దాన్ని విడిగా చూపించే కోణాల్లో కూడా తీస్తారు. ఆ ఫిల్ము బరంపురం తీసుకువెళ్ళండి, రెండోసారి తీసినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి. అప్పుడు గుంటలో మళ్ళీ నొక్కి చూసి, ఎలా ఉందో నాకు రెండు ముక్కలు రాయండి.